సెమీస్ ముందు రాత్రి బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

రాత్రిళ్లు మీ ఫోన్లన్నీ కోచ్ మేడమ్ దగ్గర పెట్టేస్తారని అమ్మ చెప్పింది. ఫోన్ నీ దగ్గరే ఉన్నా ఈ మాటలు నేను ఫోన్లో చెప్పలేను. నీ గొంతు వింటే నాకు మాట పెగలదు. అందుకే రాస్తున్నాను. పొద్దున అమ్మ తెచ్చే క్యారియర్ సంచిలో పెడతాను. ముందు తిను, తర్వాత చదువు.

నిన్న మ్యాచ్ అయ్యాక నువ్వు బాత్రూమ్‌లో వాంతి చేసుకున్నావట. ఇంటికొచ్చేదాకా అమ్మ నాకు చెప్పలేదు. "నాన్నకి చెప్పకు" అన్నావట కదా. ఆ మాట విన్నాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బాస్కెట్‌బాల్ టోర్నమెంట్లో క్వార్టర్ ఫైనల్ గెలిచారు. మూడు పాయింట్ల తేడా అయినా గెలుపు గెలుపే, అందరూ చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. నేను మాత్రం బంతిని వదిలేసి మొత్తం నిన్నే చూశాను. లీగ్ మ్యాచుల్లో బంతి చేతికొచ్చిందంటే నీ మొహం వెలిగిపోయేది. నిన్న బంతి రాకముందే జెర్సీ మెడ నోట్లో పెట్టుకుని కొరుకుతున్నావు. లేసు ఊడకపోయినా రెండుసార్లు వంగి కట్టుకున్నావు. మూడో క్వార్టర్లో అవతలి పిల్లని ఢీకొన్నావని ఛార్జింగ్ ఫౌల్ ఇచ్చారని బంతిని నేలకేసి కొట్టావు, ఆ దురుసుకి టెక్నికల్ ఫౌల్ పడింది, మేడమ్ నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. తువ్వాలు నెత్తిన కప్పుకున్నావు. దాని కింద నీ భుజాలు ఎగిరెగిరి పడుతుంటే గ్యాలరీలో ఉన్న నాకు కనపడింది. ఏడుపు బయటికి రాకుండా అదిమి పెట్టడానికి ఎంత అవస్థ పడ్డావో! అవతలి టీమ్‌లో ఐదుగురూ కలిసి కూడా నిన్ను అంత అలసిపోయేలా చెయ్యలేదు.

ఆ అదిమి పెట్టడం నీకు నేర్పింది నేనే తల్లీ.

నీకు గుర్తుందో లేదో. ఆరో తరగతిలో ఉన్నావు. వైజాగ్‌లో ఏదో స్కూల్ టోర్నమెంట్, మొదటి రౌండ్లోనే ఓడిపోయారు. స్కూటర్ వెనక కూర్చుని ఎన్ఏడీ నుంచి గాజువాక దాటాక కూడా ఏడుస్తూనే వచ్చావు. నా చొక్కా వీపు తడిసిపోయింది. కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర బండి పక్కకి ఆపి, "ఇలా ఏడిస్తే ఇంకెప్పుడూ ఆటకి పంపను" అన్నాను. ఒక్కసారిగా ఆపేశావు. ముక్కు కూడా ఎగబీల్చలేదు. ఆ రోజు నుంచి నా ముందు నువ్వు ఏడవగా చూడలేదు. నేనేమో దానికి మురిసిపోయాను. చుట్టాల ముందు "మా అమ్మాయి గుండె రాయి" అని ఎన్నిసార్లు చెప్పానో. పదకొండేళ్ల పిల్ల చేత, ఆట పోతుందన్న భయంతో ఏడుపు మింగించాను. అది ధైర్యం అనుకున్నాను. తప్పు చేశాను. ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను.

మా స్టీల్ ప్లాంట్‌లో ఇనుము కరిగించే ఫర్నేస్ పైన బ్లీడర్ వాల్వులు ఉంటాయని చిన్నప్పుడు నీకు చెప్పేవాణ్ణి కదా. లోపల గ్యాస్ ప్రెషర్ హద్దు దాటితే అవి తెరుచుకుంటాయి. ఆ హోరుకి పక్కవాడి మాట కూడా వినపడదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, మూడు ఫర్నేసులకీ ఉన్నాయి. బ్లీడర్ తెరుచుకుందని ఫర్నేస్ దేనికీ పనికిరాదని మాలో ఎవరూ అనరు. తెరుచుకోకపోతేనే మాకు భయం. ఇన్నేళ్లు ఆ పనిలో ఉండి, ఇంట్లో పిల్లకి మాత్రం ఆ వాల్వు బిగించేశాను.

2020 లాక్‌డౌన్ గుర్తు చేసుకో. నేను రాత్రి సీ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి నువ్వు ఫోన్ బిందెకి ఆనించి అమెరికా వాళ్ల ఎన్‌బీఏ మ్యాచ్ చూస్తుండేదానివి. ఆటగాళ్లందర్నీ ఓర్లాండోలో ఒకచోట ఉంచి, జనం లేకుండా ఆడించారు. క్లిప్పర్స్‌కీ డాలస్‌కీ సిరీస్. క్లిప్పర్స్ ఆటగాడు పాల్ జార్జ్‌కి ఏం వేసినా పడలేదు. వరసగా మూడు మ్యాచుల్లో 47 షాట్లు వేస్తే 10 పడ్డాయి. అంతకు రెండేళ్ల ముందు ప్లేఆఫ్ మ్యాచుల్లో తనే మొనగాడన్నట్టు తనకి తానే "ప్లేఆఫ్ పి" అని పేరు పెట్టుకున్నాడు కదా, ఆ పేరు పట్టుకుని ప్రపంచమంతా నవ్వింది. నువ్వూ నవ్వావు, నీతో పాటు నేనూ నవ్వాను. తర్వాతి మ్యాచ్‌లో 35 పాయింట్లు కొట్టాడు. టీమ్ 154-111తో గెలిచింది. అప్పుడు మైకు ముందుకొచ్చి అసలు సంగతి చెప్పాడు. ఆ గదుల్లో బందీగా ఉండి ఆందోళన, డిప్రెషన్ కమ్ముకున్నాయని, మనసు ఆరోగ్యాన్ని తాను తేలిగ్గా తీసుకున్నానని అన్నాడు. మనం నవ్విన మూడు రోజులూ ఆ మనిషి లోపల ఏం పడ్డాడో! ఆ పొద్దున నువ్వు చాలాసేపు మాట్లాడలేదు. నేను ఏదీ అడగకుండా స్నానానికి వెళ్లిపోయాను. అప్పుడే అడగాల్సింది.

మనసు విప్పి చెప్పుకుంటే గెలిచేస్తారని చెప్పడానికి ఇది రాయడం లేదు. తర్వాతి రౌండ్లో అదే క్లిప్పర్స్ డెన్వర్ మీద 3-1తో ముందుండి, ఓడిపోయింది. ఏడో మ్యాచ్‌లో పాల్ జార్జ్ షాట్ ఒకటి బోర్డు పక్క అంచుకి తగిలి పోయింది, నువ్వు కళ్లు మూసుకున్నావు. చెప్పుకున్నా ఓడొచ్చు. కానీ ఓడిన రాత్రి పక్కన ఒక మనిషి ఉంటాడు.

ఇంకో ఎన్‌బీఏ ఆటగాడు కెవిన్ లవ్ గురించి నువ్వే నాకు చెప్పావు. 2017 నవంబర్ 5న అట్లాంటాతో ఆడుతూ, మూడో క్వార్టర్లో గుండె దడదడలాడి, ఊపిరాడక కోర్టు వదిలి లోపలికి వెళ్లిపోయాడు. నాలుగు నెలల తర్వాత తనే రాసి లోకానికి చెప్పాడు. అతని కంటే ముందు తోటి ఆటగాడు డిమార్ డిరోజన్ తన డిప్రెషన్ గురించి చెప్పాడు కాబట్టి తనకి ధైర్యం వచ్చిందన్నాడు. ఆరున్నర అడుగులున్న మనుషులు వాళ్లు. నువ్వు ఇంకా ఇంటర్ చదివే పిల్లవి.

ఇప్పుడు నీకు కొంచెం కటువుగా ఒక మాట చెప్పాలి. ఏడుపు తప్పు కాదు, బంతిని నేలకేసి కొట్టడం తప్పు. ఆ రిఫరీ సార్ తన పని తాను చేశారు. రేపు వామప్ అప్పుడు ఆయన కనపడితే వెళ్లి సారీ చెప్పు. రెండో టెక్నికల్ పడితే మ్యాచ్‌లోంచే పంపేస్తారు, నీకు తెలుసు. నీ వెనక ఆ పదకొండు మంది పిల్లలున్నారు.

ఫ్రీ త్రోల సంగతి కూడా. నిన్న రెండూ పోయాయి. నేను లెక్కపెట్టాను, రిఫరీ బంతి అందించిన రెండో సెకనుకే వదిలేశావు. మీకు ఐదు సెకన్లు ఇస్తారు. మన సెక్టార్ గ్రౌండ్లో లైట్ల కింద నువ్వు ఎలా వేస్తావు? బంతి మూడుసార్లు తడతావు, కుడి చెయ్యి షార్ట్స్‌కి తుడుచుకుంటావు, ఒక ఊపిరి పూర్తిగా వదిలేసి అప్పుడు వేస్తావు. నిన్న ఒక్కసారే తట్టావు, ఊపిరి వదల్లేదు. టెన్షన్లో చెయ్యి చెమట పడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, వేళ్లకి బంతి అందదు. నీ చెయ్యి ఆట మర్చిపోలేదు. మిల్వాకీ ఆటగాడు యానిస్ ఫ్రీ త్రో వేసేటప్పుడు 2021 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో అవతలి జనం ఒకటి నుంచి పది దాకా గట్టిగా లెక్కపెట్టి గోల చేసేవాళ్లు, అయినా అతను బెదరలేదు. ఆఖరి మ్యాచ్‌లో 19 ఫ్రీ త్రోల్లో 17 వేశాడు, 50 పాయింట్లు కొట్టాడు. నీ ఐదు సెకన్లు నువ్వు తీసుకో. జనం అరిస్తే అరవనీ.

వాంతి సంగతి మాత్రం మేడమ్‌కి చెప్పు. బెంచీ మీద కూర్చోబెడతారని భయపడకు. నీకు చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే ఈ కాగితమే చూపించు. టోర్నమెంట్ అయ్యాక కూడా ఇలాగే ఉంటే మనం డాక్టర్ని కలుద్దాం, నేను తీసుకెళ్తాను. మన ఊళ్లో ఎవర్నైనా ఎగతాళి చెయ్యాలంటే అక్కడ మానసిక ఆసుపత్రి ఉందని "చినవాల్తేరు పంపాలి" అంటారు. నేనూ అన్నాను చాలాసార్లు, నీ ముందే. ఇక అనను. ప్రభుత్వం వాళ్ల టెలి మానస్ నంబర్ 14416, పగలూ రాత్రీ ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నాతో చెప్పలేనివి వాళ్లతోనైనా చెప్పు, నేనేం అనుకోను.

క్యారియర్లో పెరుగన్నం, అరటిపళ్లు ఉన్నాయి. పొట్ట బాగోలేదని అమ్మ ఈసారి ఆవకాయ పెట్టలేదు. నీ టీమ్ వాళ్లందరికీ మాడుగుల హల్వా విడిగా కట్టింది, మ్యాచ్ అయ్యాక పంచు.

నాకు రేపు మధ్యాహ్నం బీ షిఫ్ట్. మార్చుకున్నాను. నాలుగు గంటల మ్యాచ్‌కి మూడింటికే వచ్చేస్తాను. కానీ ఒకటి అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పు. నేను గ్యాలరీలో ఉంటే నీకు బరువుగా ఉంటోందా? అలా అయితే ఖాళీ క్యారియర్ తిరిగిచ్చేటప్పుడు అమ్మతో ఒక్క మాట అను చాలు. నేను లోపలికి రాను. బయట వేపచెట్టు కింద స్కూటర్ దగ్గరే కూర్చుంటాను. మ్యాచ్ అయ్యాక, గెలిచినా ఓడినా, నీకు ఏడవాలనిపిస్తే అక్కడికి రా. ఈసారి బండి ఎక్కడా ఆపను.

నీ నాన్న