మావాడి తొలి సత్ప్రసాదం: మా విచారణకు (మా చర్చి సంఘానికి) కృతజ్ఞతలు

అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా బాబు తొలి సత్ప్రసాదం (కథోలిక పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకున్నాడు. వాడికి పదకొండేళ్లు. వాడి ఈడు పిల్లలంతా ఎప్పుడో తీసుకున్నారు.

మావాడికి ఆటిజం. మాటలు నాలుగైదే. ఇంతకుముందు మేమున్న ఊళ్లో, పూజ మధ్యలో వాడు చెవులు మూసుకొని అరిస్తే "వీడికేం అర్థమైతదని తీసుకొస్తరు" అన్నారొకరు. అప్పట్నుంచి నేనూ మా ఆయనా వంతులు వేసుకున్నాం. ఒకరు పూజకు, ఒకరు వాడితో ఇంట్లో. నాలుగేళ్లు ముగ్గురం కలిసి గుడికి పోలేదు.

నల్లగొండ వచ్చాక ఇక్కడి ఫాదర్ గారిని, వీడికి సత్ప్రసాదం ఇస్తారా అని అడిగాను. బతిమాలుకోవడానికే పోయాను. "కాదనే హక్కు నాకు లేదమ్మా" అన్నారు. వికలాంగులకు సత్ప్రసాదంలాంటి సంస్కారాలు ఎవరూ నిరాకరించకూడదని 2020లో రోమ్ నుంచి వచ్చిన ఉపదేశ మార్గదర్శిలోనే (మతబోధ ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకం) ఉందట. 2014లో ఫ్రాన్సిస్ పోపు గారు వాటికన్‌లో ఆటిజం ఉన్నవాళ్లను, వాళ్ల కుటుంబాలను కలిసిన సంగతీ ఆయనే చెప్పారు. అవన్నీ నాకు కొత్తే. కానీ ఆ వెంటనే ఆయన అడిగిన మాటకే నాకు ఏడుపొచ్చింది: "బాబుకు దేనికి భయం?"

సౌండ్ బాక్సులంటే భయం. పాటల పిల్లలు మేం కూర్చునే వైపు బాక్సు తీసేశారు. డోలక్ కొట్టే తమ్ముడా, నువ్వెంత ఓపిక పట్టావో నాకు తెలుసు.

ఉపదేశం చెప్పే సిస్టర్ గారు పూజలో ఒక్కో ఘట్టాన్నీ ఫోన్లో ఫొటో తీసి, అట్టముక్కల మీద అంటించి ఇచ్చారు. ఒకటి అయిపోగానే వాడే అట్ట తిప్పుతాడు. ఇక అప్పం సంగతి. అంగిలికి అతుక్కుంటే వాడికి పడదు. పీఠం ఎక్కని, అంటే పూజలో ఇంకా పవిత్రం చెయ్యని, మామూలు అప్పం శనగబేడంత తుంచి మొదలుపెట్టారు. ఉమ్మేశాడు. మళ్లీ ఉమ్మేశాడు. ఆరువారాలకు సగం ముక్కకు వచ్చాడు. "ఆమెన్" అనలేడు కాబట్టి గుండె మీద చెయ్యి పెట్టడం నేర్పారు.

ఆదివారం ఫాదర్ గారు నోట్లో పెట్టగానే మొహం చిట్లించాడు. అలవాటుగా నా అరచెయ్యి వాడి గడ్డం కిందికి పోయింది. మింగేశాడు.

చివరి బల్ల మీది పెద్దమ్మలకూ దండాలు. వాడు మధ్యలో లేచి బయటికి ఉరికితే "పోనీ బిడ్డా, నేను చూస్త, నువ్వు కూసో" అన్నది మీరే. మీ చెప్పులు విడిచిన చోట కనబడకపోతే గోడవారగా చూడండి. జతలు కలిపి పెట్టి ఉంటాడు.