పెద్ద కుక్కతో కొండకా? ముందు దిగే దారి చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు చుట్టుపక్కల కొండల మీద పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చివర్లో ‘పెంపుడు కుక్కను కూడా తీసుకెళ్తే సరదా రెట్టింపు’ అని ఒక వాక్యం రాసి వదిలేశారు. మా ఇంట్లో 36 కిలోల జర్మన్ షెపర్డ్ ఉంది, పేరు భీముడు. నేనూ మా ఆయనా వాణ్ణి వెంటబెట్టుకుని కొండలెక్కుతుంటాం. సరదా సంగతి నిజమే. కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఈ ఆదివారమే బయల్దేరేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల కోసం ఈ ఉత్తరం.

చిన్న పొమెరేనియన్ కాలు బెణికితే చంకనేసుకుని దిగిపోవచ్చు. 36 కిలోల కుక్క సగం కొండలో కూలబడితే ఏం చేస్తారు? మేం కొండ ఎత్తు ఎంత అని చూడం. వాణ్ణి ఇద్దరం మోసుకుంటూ దిగడానికి వీలున్న దారేనా అన్నదే చూస్తాం. సావనదుర్గ సముద్రమట్టానికి 1,226 మీటర్ల ఎత్తున్న ఏకశిల. ఎక్కేటప్పుడు కుక్కకు హుషారుగానే ఉంటుంది. అలాంటి నున్నటి బండ వాలు మీద దిగేటప్పుడే తంటా. ఒంటి బరువంతా ముందుకాళ్ల మీద పడి, గోళ్లు రాతిని గీరుకుంటూ జారుతుంటే భీముడు వెనక్కి చతికిలబడి ఇక కదలనంటాడు. అక్కడ మన కాళ్లే నిలవవు, ఇంక వాణ్ణేం ఎత్తుకుంటాం? అందుకే సావనదుర్గ జోలికి మేం పోం. మెట్లో మట్టిదారో ఉండి, మధ్యలో వెనుదిరగడానికి వీలున్న కొండలు చాలు మాకు.

పొట్ట కిందుగా వేసి రెండు వైపులా పట్టుకుని ఎత్తే పట్టీలు దొరుకుతాయి. కొని సంచిలో పడేస్తే సరిపోదు, ముందే అలవాటు చెయ్యాలి. మేం అపార్ట్‌మెంట్ మెట్ల మీద మూడో అంతస్తు నుంచి కిందికి మోసి చూశాం. మా వాచ్‌మన్‌ది పలమనేరు. ‘ఏం మేడమ్, లిఫ్ట్ చెడిపోయిందా?’ అని కంగారుగా పరుగెత్తుకొచ్చాడు! ఆ మూడంతస్తులకే మా ఆయన నడుం పట్టేసింది.

ఇక ఎండ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి ఒంట్లో వేడి దించుకోవాలి. పైగా యజమాని నడుస్తున్నంతసేపూ ఒంట్లో బాగాలేకున్నా వెంటే వస్తుంది, అలసటని చెప్పదు. వెలుతురు వచ్చీరాగానే ఎక్కడం మొదలుపెట్టి, బండ కాలకముందే కిందికి వచ్చేయాలి. చేతి వెనక భాగం బండకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలకూ అది కాలినట్టే. మార్చి నుంచి మే దాకా అసలు పోకపోవడం మేలు. రొప్పు ఆగకుండా, చొంగ చిక్కగా కారుతూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి పొట్టా తొడలూ నీళ్లతో తడుపుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంట్లో ఊరికే పడుకున్న కుక్కకే రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. భీముడికి లెక్కేస్తే రెండు లీటర్లు. కొండకైతే వాడికోసమే మూడు లీటర్లు మోస్తాం. గుడిబండ కోట లాంటి చోట్ల రాతి దొనల్లో వాన నీళ్లు కనబడగానే కుక్క మూతి పెట్టేస్తుంది. నిలవ నీళ్లలో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకే భయం ఉంది, టీకా ఉన్నా తాగనివ్వకూడదు.

వయసు సంగతీ ఉంది. పెద్ద జాతి కుక్కపిల్లలకు ఏడాదిన్నర దాకా ఎముకలు, కీళ్లు గట్టిపడవు, అప్పటిదాకా చదును నేల చాలు. కడుపు నిండా పెట్టి వెంటనే ఎక్కిస్తే లోతు ఛాతీ ఉన్న కుక్కలకు పొట్ట మెలిపడి ప్రాణం మీదికొస్తుంది. ఇంటికొచ్చాక చెవుల్లోనూ వేళ్ల సందుల్లోనూ పిడుదులు వెతకాలి.

అన్నిటికన్నా పెద్ద విషయం మీ వ్యాసంలో లేనే లేదు. ఈ కొండల్లో చాలావరకు అటవీ భూములు. సావనదుర్గ, రామనగర వైపు ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. మన కుక్కల నుంచి వాటికీ ముప్పే. 2018లో గిర్‌లో చనిపోయిన సింహాల్లో కొన్నింటికి సోకింది కుక్కల్లో సాధారణంగా కనిపించే డిస్టెంపర్ వైరస్సే. రామనగరలోని రామదేవరబెట్ట రాబందుల అభయారణ్యం, అక్కడికి కుక్క మాటే వద్దు. ఒక కొండ దగ్గర గేటులో ఒకాయన సరే అన్నాడు, వారం తర్వాత మరొకాయన కుదరదన్నాడు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి, వద్దంటే వాదించకండి.

గొలుసు మాత్రం ఎక్కడా విప్పొద్దు. బాగేపల్లి వైపు మనలాగే తెలుగు మాట్లాడే కాపరి ఒకాయన నాతో అన్నాడు: ‘అమ్మా, నీ కుక్క కరవాల్సిన పన్లేదు. ఊరికే ఉరికొస్తే చాలు, మేకలు బెదిరి బండ మీంచి దూకేస్తాయి.’ ఆయనకు అది బతుకుతెరువు.

ఇకపై ఏ కొండ గురించి రాసినా కుక్కను రానిస్తారా లేదా, నీడ ఎంతవరకు ఉంది, వెనుదిరగడానికి వీలైన చోటు ఎక్కడ అన్నవి కూడా రాయమని మనవి. చిక్కబళ్లాపురంలోనో మాగడిలోనో ఆదివారం పొద్దున ఫోనెత్తే పశువైద్యులుంటే, వాళ్లను అడిగి ఆ నంబర్లు ముందు వేయండి.

– ఒక పాఠకురాలు, రామమూర్తినగర్, బెంగళూరు