మతి చెడిందనే ముందు మూత్రపరీక్ష

అయ్యా,

పెళ్లీడు అమ్మాయి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా, ఎవరో పిలుస్తున్నారన్నా గాలి సోకిందంటారు, లేదా నేరుగా పిచ్చి మాత్రలు మొదలుపెడతారు. అలాంటివారిలో కొందరికి అసలు జబ్బు లూపస్, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. జిల్లా ఆసుపత్రుల్లో దాన్ని వెతికే ఏర్పాటు కావాలి.

లూపస్‌లో సొంత డీఎన్‌ఏ మీదే యాంటీబాడీలు పుడతాయి. వాటిలో కొన్ని మెదడు కణాల మీదుండే ఎన్‌ఎండీఏ గ్రాహకాలకూ (సంకేతాలు అందుకునే ప్రొటీన్లకూ) అతుక్కుంటాయని అమెరికాలో బెట్టీ డైమండ్ బృందం 2001లో చూపింది. అవి రక్తంలో తిరిగినంత మాత్రాన మెదడుకు హాని జరగదు, రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డు సడలాలి. ఎలుకల్లో బ్యాక్టీరియా విషంతో ఆ అడ్డు సడలినప్పుడు జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ దెబ్బతింది. అడ్రినలిన్ ఇస్తే భయాన్ని నడిపే అమిగ్డాలా దెబ్బతింది. లూపస్‌లో కొందరికి పుట్టే మరో రకం, ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల దారి వేరు. అవి రక్తం గడ్డకట్టించి చిన్న వయసులోనే పక్షవాతం తేగలవు. వాటి పరీక్షను 12 వారాల తర్వాత మళ్లీ చేసినా పాజిటివ్ వస్తేనే నిర్ధారణ.

కొత్తగా మతి తప్పినా, ఫిట్స్ వచ్చినా కీళ్ల నొప్పులు, నోటిపూత, బుగ్గల మీద ఎర్రదనం, జుట్టు రాలడం గురించి అడగాలి. లూపస్ మూత్రపిండాలనూ దెబ్బతీయగలదు కాబట్టి మూత్రంలో ప్రొటీన్, రక్తకణాల లెక్క, ఏఎన్‌ఏ (సొంత కణ కేంద్రకాల మీద పుట్టే యాంటీబాడీల పరీక్ష) చూడాలి. ఏఎన్‌ఏ 1:80 అనే తక్కువ స్థాయిలో వచ్చిందని లూపస్ అని రాసేయకూడదు, ఆరోగ్యవంతుల్లోనూ అది కనిపిస్తుంది. అప్పుడు డీఎన్‌ఏ యాంటీబాడీలు, రక్తంలోని సీ3, సీ4 అనే రోగనిరోధక ప్రొటీన్లు చూడాలి. మెదడుకు సోకిన లూపస్‌ను ఖాయంగా తేల్చే పరీక్ష ఏదో ఒక్కటంటూ లేదు. మన దగ్గర టీబీ మెదడువాపు కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి, ఎమ్మారై తీసి, వెన్నులోంచి నీరు తీసి చూశాకే రోగనిరోధక శక్తిని అణచే మందుల జోలికి వెళ్లడం క్షేమం.

ఇంకో చిక్కు, లూపస్‌కు ఇచ్చే స్టెరాయిడ్లే మతి తప్పించగలవు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటితే ఆ ముప్పు పెరుగుతుంది. దాంతో భయపడి ఇంట్లోవాళ్లు మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. తగ్గించాల్సింది డాక్టరే, మెల్లగా.

ప్రొటీన్ చూసే మూత్రపు పట్టీ చాలా చవక. దాన్ని ప్రతి మానసిక వైద్య ఓపీలో ఉంచాలి. ఏఎన్‌ఏ నమూనాలను జిల్లా నుంచి బోధనాసుపత్రికి పంపి, ఫలితం తిరిగి అదే డాక్టరుకు చేరేలా వైద్యారోగ్య శాఖ చూడాలి.

– ఒక వైద్యురాలు, గుంటూరు