ఎత్తు కుషన్ల అమ్మకం ఆపేశాం

చిన్న విమానాలు నడపడం నేర్చుకునేవారు సీటు మీద ఎత్తుగా కూర్చునేందుకు మేము కుట్టే ఎత్తు కుషన్లు ప్రస్తుతానికి దొరకవు. ఆర్డర్ ఇచ్చినవారికి డబ్బు వెనక్కి పంపుతున్నాం. హెడ్‌సెట్ చెవి మెత్తలు, నడుము దిండ్లు ఎప్పటిలాగే అందుతాయి.

ఏళ్ల తరబడి మాకు ఫోమ్ ఇస్తున్న వ్యాపారి చెప్పాపెట్టకుండా సరుకు మార్చారు. రంగు అదే, మందం అదే, బిల్లు మీద పేరూ అదే. నొక్కితే నెమ్మదిగా పైకి లేచే గట్టి ఫోమ్ బదులు స్పంజిలా ఎగిరిపడేది వచ్చింది. నిలదీస్తే, “కూర్చునే మెత్తకు ఇంత పట్టింపు ఎందుకండీ?” అన్నారు. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు.

ఎందుకో ఇక్కడ చెబుతాను. గంట కూర్చుంటే ఆ ఫోమ్ అణిగిపోతుంది. కంటి మట్టం దిగుతుంది, విమానం ముక్కు మీదుగా రన్‌వే కనిపించే తీరు మారుతుంది. దిగేటప్పుడు ముక్కు ఎప్పుడు ఎత్తాలో కొత్తవారు ఆ దృశ్యాన్ని బట్టే నేర్చుకుంటారు. అంతకంటే పెద్ద విషయం వెన్నెముక. విమానం నేలను బలంగా గుద్దితే మెత్తటి ఫోమ్ ముందు పూర్తిగా అణుగుతుంది, ఆ తర్వాత శరీరం సీటు అడుగుకు తగులుతుంది. అప్పుడు నడుము మీద పడే దెబ్బ కుషన్ లేనప్పటికంటే ఎక్కువ కావచ్చు.

కొన్న సరుకు పారేయడమా, పైన గట్టి పొర అతికించి అమ్మడమా అని చాలా రాత్రులు కొట్టుమిట్టాడాను. అతికిస్తే మందం పెరుగుతుంది, విమానం ముక్కును పక్కలకు తిప్పేందుకు కాళ్లతో తొక్కే రడ్డర్ పెడళ్లు పొట్టివారికి చివరిదాకా అందవు. ఫోమ్, జిగురు, గుడ్డ మూడూ కలిపి నిప్పుకు ఎలా తట్టుకుంటాయో మళ్లీ పరీక్ష చేయించాలి. చివరికి మొత్తం ముక్కలు చేయించాను. సగం ధరకే కొత్త సరుకు ఇస్తామని ఆ వ్యాపారి కబురు పెట్టారు. ఆ గడప మళ్లీ తొక్కను. ఇది మొండితనమని ఇంట్లోవాళ్లు అంటున్నారు, అననివ్వండి.

ఈ మధ్య కొన్నవారు కుషన్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే పూడిపోతే తిప్పి పంపండి, రవాణా ఖర్చు మాదే. ఈలోగా దుప్పటి మడతపెట్టి వేసుకోకండి, అదీ ఆ ఫోమ్ లాంటిదే. సీటుకు ఎత్తు మార్చే ఏర్పాటు ఉంటే అదే వాడండి. ఎత్తు మార్చిన ప్రతిసారీ పెడళ్లు చివరిదాకా తొక్కి, చేత్తో పట్టుకుని విమానం నడిపే కంట్రోల్‌ను పూర్తిగా వెనక్కి లాగి, అది తొడలకు తగలడం లేదని చూసుకోండి.

వేరేచోటి నుంచి నమూనాలు తెప్పించాం, పరీక్షిస్తున్నాం. తేదీ మాత్రం అడగకండి.