తోలుబొమ్మలాట నేర్చుకోవడానికి వయసు అడ్డం పెట్టకండి

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రిగారికి,

నమస్కారం. నేను మండపేటలో ఒక రైస్ మిల్లులో అకౌంట్లు రాస్తాను. కళాకారుల ఇంట్లో పుట్టలేదు. నలభై దాటాక తోలుబొమ్మలాట నేర్చుకోవడం మొదలుపెట్టాను. నాలాంటివాళ్లు గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. టీచర్లున్నారు, రిటైరైన ఆర్టీసీ ఉద్యోగులున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేసేసి ఇప్పుడిప్పుడే తీరిక చిక్కిన ఆడవాళ్లున్నారు. నేర్పగలిగిన పెద్దవాళ్లూ ఇంకా ఉన్నారు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటే లేదు. అది చేయమని అడగడానికే ఈ ఉత్తరం.

కాకినాడ పక్కన మాధవపట్నం గురించి మీకు తెలిసే ఉంటుంది. తరతరాలుగా బొమ్మలాడించిన కుటుంబాలున్న ఊరు అది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట పేరు ఈమధ్య అందరికీ తెలిసింది. 2020లో అక్కడి దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది, ఎంతో సంతోషించాం. మన వైపు మాధవపట్నం కూడా అలాంటి ఊరే. ఈ కుటుంబాల పూర్వీకులు మరాఠీ మాట్లాడేవాళ్లు. అయినా తెర వెనక రాముడూ, రావణుడూ తెలుగులోనే మాట్లాడారు, రంగనాథ రామాయణం ద్విపదల్లో పాడారు. 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు తెరచాటున బొమ్మలాడించేవాళ్ల గురించి రాశాడు. ఇంత పాత విద్య నేర్చుకోవడానికి ఇవాళ ఒక పెద్దమనిషికి దారి దొరకడం లేదు.

నేను సెలవు రోజుల్లో బస్సెక్కి వెళ్లి నేర్చుకుంటున్నాను. మా గురువుగారు మొదట నా చేతికి బొమ్మ ఇవ్వలేదు, వాయించే తాళాలు ఇచ్చారు. తర్వాత కాలికింద చెక్కపలకలు వేసి తొక్కమన్నారు. యుద్ధంలో రథం విరిగినా, గద దెబ్బ పడినా ఆ చప్పుడు ఆడించేవాళ్ల పాదాల నుంచే రావాలి. చేయి ఒకటి చేస్తుంటే, కాలు ఇంకొకటి చేస్తుంటే, గొంతు పద్యం ఎత్తుకోవాలి. చూసేవాళ్లకు ఇదేమీ తెలియదు, తెలియకూడదు కూడా.

బొమ్మ చేతికొచ్చాక అసలు కష్టం మొదలైంది. మన ఆంధ్ర బొమ్మలు దేశంలోని నీడబొమ్మలన్నింటిలోకీ పెద్దవి. నిలబెడితే కొన్ని మనిషి ఎత్తుంటాయి. బొమ్మ నడుమ నిలువునా కట్టిన వెదురు బద్దను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బొమ్మ చేతులకున్న పుల్లలు కదపాలి. బొమ్మ తెర గుడ్డకు అంటుకుని ఉంటే రంగూ గీతా స్పష్టంగా కనిపిస్తాయి. కాస్త వెనక్కి వచ్చిందా, నీడ పెద్దదై అలుక్కుపోతుంది. మాయలేడి తెర మీదినుంచి మాయమయ్యేటప్పుడు కావాలనే అలా వెనక్కి లాగడం కూడా ఒక పనితనం. ఇది వీడియో చూసి వచ్చేది కాదు. గురువుగారు పక్కన నిలబడి నా మణికట్టు పట్టుకుని తిప్పితేనే వచ్చింది.

తోలు పని ఇంకొక విద్య. మేక తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెట్టాలి. వెలుతురు దాటేంత పలచగా వచ్చాక గీత గీసి, ఉలితో నగలూ, అంచులూ చిల్లులు కొట్టాలి. రంగు రెండు పక్కలా వేయాలి. పెద్ద బొమ్మకు ఒక్క తోలు చాలదు. పూర్వం దేవుళ్లకు జింక తోలు వాడేవారట. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత ఆ మాట లేదు, ఉండకూడదు కూడా. ఇప్పుడన్నీ మేక తోలువే.

ఇక గొంతు. నవ్వించే పాత్రలైన జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊళ్లో కబుర్లు చెప్పే ఘట్టానికి రాసిన పుస్తకం ఉండదు. ఏ ఊళ్లో ఆడుతుంటే ఆ ఊరి సంగతి అప్పటికప్పుడు అల్లాలి. కాలువ నీళ్లు ఆలస్యమైతే ఆ మాట, దాళ్వాకు ధర రాకపోతే ఆ మాట. ఇరవై ఏళ్ల కుర్రాడికంటే సంసారం చేసి, సొసైటీ అప్పు కట్టి, నాలుగు ఊళ్లు తిరిగినవాళ్ల నోట ఇది బాగా పలుకుతుందని నా నమ్మకం. పెద్దవయసులో నేర్చుకోవడం లోటని అందరూ అనుకుంటున్నారు. ఈ విద్యలో మాత్రం వయసు చాలాచోట్ల కలిసొస్తుంది.

అందులోనూ ఇది పద్యం బతికిన నేల. హార్మోనియం పెట్టె పక్కన పెట్టుకుని రాయబారం పద్యాలూ, హరిశ్చంద్ర కాటిసీను పద్యాలూ పాడే పెద్దవాళ్లు మన డెల్టాలో ఏ ఊరికెళ్లినా కనిపిస్తారు. వాళ్లకు రాగం తెలుసు, పద్యం ఎక్కడ విరవాలో తెలుసు, రాత్రంతా కూర్చునే ఓపిక ఉంది. తోలుబొమ్మలాటకు కావలసిన గొంతుల్లో సగం ఇక్కడ ముందే తయారై ఉన్నాయి. వాళ్లను ఎవరూ పిలవలేదు, అంతే.

పిలవకపోగా అడ్డం కూడా పడుతున్నారు. ఒక శిక్షణ పథకానికి దరఖాస్తు పెడితే నా వయసు దాటిపోయిందని వెనక్కి పంపారు. ఆ కుటుంబాల పిల్లలైతే తీసుకుంటామన్నారు. వాళ్ల పిల్లలు చదువుకుని ఉద్యోగాలకు వెళ్లారు. అది మంచి విషయమే. తాతల కళ కోసం వాళ్లను కట్టిపడేయమని అడిగే హక్కు నాకూ లేదు, మీకూ లేదు. అలాంటప్పుడు నేర్చుకుంటామని ముందుకొచ్చిన బయటివాళ్లను గుమ్మంలోనే ఆపితే ఇది ఎవరికి అందుతుంది?

2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల తోలు పనికి మేలే జరిగింది. లాంపుషేడ్లు, గోడ బొమ్మలు చేసి అమ్ముకుని కుటుంబాలు నిలబడ్డాయి. వాళ్లను తప్పుపట్టను. కానీ లాంపుషేడు మీద ఉన్న హనుమంతుడు లంక కాల్చలేడు. ఆట నిలబడాలంటే ఆడించేవాళ్లు కావాలి. ఉత్సవాల్లో ప్రభుత్వ వేదికల మీద ఈ కళకు దొరికేది కొద్ది నిమిషాలు. అందుకని లక్ష్మణమూర్ఛా, విరాటపర్వం, పద్మవ్యూహం తెల్లవార్లూ ఆడగలిగిన పెద్దలు కూడా అందులో ముక్కలే ఆడుతున్నారు. ఆడని భాగం వాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. వాళ్లతోనే పోతుంది.

కాబట్టి నేను కోరేది పెద్ద భవనం కాదు. కాకినాడ, అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరాల్లో శని, ఆదివారాలు సాయంత్రం ప్రభుత్వ బడిలో ఒక గది ఇప్పించండి. బొమ్మూరులోని తెలుగు విశ్వవిద్యాలయ పీఠాన్ని కూడా ఇందులోకి తీసుకురండి. ఏడాది, రెండేళ్లు సాగే కోర్సు పెట్టండి. వయోపరిమితి తీసేయండి. ఆడా మగా, కులం, చదువు ఏదీ అడగవద్దు. నేర్పే కళాకారులకు ప్రదర్శనకు ఇంతని కాకుండా నెలనెలా గౌరవ వేతనం ఇవ్వండి. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రానికి గురుశిష్య పరంపర పథకం ఉంది. మన రాష్ట్రం దాని పరిధిలోదే. అక్కడి నుంచి ఎంత వస్తుందో చూసి, మిగతాది మీ శాఖ వేస్తే సరిపోతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ విద్య ఆ కుటుంబాలది. ఏం నేర్పాలో, ఏ బొమ్మను ఎవరి చేతికివ్వాలో వాళ్లే తేల్చాలి. వాళ్ల పేరు లేకుండా, వాళ్లకు డబ్బు అందకుండా ఎవరో ఏజెన్సీవాళ్లు కోర్సు నడిపితే నాలాంటివాళ్లం అందులో చేరం. నేర్చుకున్న మేము వాళ్ల బృందాల్లో గొంతుగా, తాళంగా, రెండో చేయిగా ఉండాలి, వాళ్లకు పోటీగా కాదు.

ఇది ఎక్కడా జరగనిది కాదు. కేరళ తోలుబొమ్మలాట అయిన తోల్పావకూత్తును ఒకప్పుడు మగవాళ్లే ఆడేవారు. 2021లో పద్మశ్రీ అందుకున్న రామచంద్ర పులవర్ కుటుంబం నుంచి ఇప్పుడు ఆడవాళ్ల బృందమే వచ్చింది. జావా దీవిలోని సురకర్తాలో తోలుబొమ్మలు ఆడించడాన్ని డిగ్రీ చదువుగా చెబుతున్నారు. మన దగ్గర ఒక సాయంకాలపు తరగతి కూడా కష్టమా?

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. మీ శాఖ ఇప్పటికే ఘాట్లకూ, వేదికలకూ లెక్కలు వేస్తూ ఉంటుంది. ఆ లెక్కలో ఈ తరగతులనూ కలపండి. ఇప్పుడు మొదలుపెడితే పుష్కరాలనాటికి మాధవపట్నం పెద్దలు ముందుండి, కొత్తగా నేర్చుకున్నవాళ్లు వెనక నిలబడి, కోటిపల్లి రేవులో ఒక రాత్రి పూర్తి సుందరకాండ ఆడించవచ్చు. ముక్కలు కాదు, పూర్తిగా. ముందుగా మీ శాఖ అధికారి ఒకరిని మాధవపట్నం పంపి, ఆ పెద్దలతో కూర్చుని మాట్లాడమనండి. దరఖాస్తుల మాట మాకు వదిలేయండి, మండపేట చుట్టుపక్కల పేర్లు సేకరించి పంపే బాధ్యత నాది.

ఇట్లు,
తోలుబొమ్మలాట నేర్చుకుంటున్న ఒక డెల్టా మహిళ,
మండపేట