పెద్దవాళ్లు పడిపోతే "వయసు" అని వదిలేయకండి

సంపాదకుల వారికి,

మా అమ్మకు 74 ఏళ్లు. పోయిన నెల తెల్లవారుజామున బాత్‌రూమ్‌కి లేచి, గుమ్మం దగ్గర తడిసిన కాళ్లపట్టా మీద జారి పడింది, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా రావడానికే భయపడుతోంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "వయసైపోయింది కదా, మామూలే" అంటుంటే కడుపు మండుతోంది.

మామూలు ఎలా అవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు, అందులో 60 దాటినవాళ్లే ఎక్కువ.

జారే నేల ఒక్కటే కారణం కాదు. చూపు మసకబారడం, కాళ్లలో సత్తువ తగ్గడం, నిద్రమాత్రలు, కొన్ని బీపీ మందులు, అన్నీ కలుస్తాయి. గభాలున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవాళ్లు చాలామంది. అమ్మ మందులన్నీ ఒకసారి డాక్టర్‌కి చూపించాలని మాకు ముందే తట్టలేదు, ఆ బాధ నన్ను వదలడం లేదు.

ఇంట్లో గోడకు స్టీల్ కడ్డీ, రాత్రికి చిన్న లైటు పెట్టించాం. మరి వీధిలో? కాలువ మీద ఊగే పలకలు, ఎత్తుపల్లాల ఫుట్‌పాత్ ఎవరు సరిచేస్తారు? బీపీ, షుగర్ చూడటానికి ఇంటికొచ్చే ఆరోగ్య సిబ్బంది "ఈ ఏడాది ఎప్పుడైనా పడ్డారా?" అని ఒక్క ప్రశ్న అడిగి రాసుకునేలా అధికారులు వెంటనే చెప్పాలి.

ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు