మా అమ్మను గట్టెక్కించిన జగిత్యాల అన్నకు

అమ్మ క్షేమంగా చేరింది. పక్క గదిలో పడుకుని ఉంది. పాదాలు బాగా వాచాయి, కింద దిండు పెట్టాను. షుగర్ చూశాను, భయపడాల్సినంత లేదు. నాకు తొమ్మిదో నెల, కూర్చున్నా పడుకున్నా ఆయాసమే. అమ్మ బయలుదేరిన దగ్గర్నుంచి కంటి మీద కునుకు లేదు. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా నాకు నిద్ర పట్టేలా లేదు.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. అమ్మకు అరవై దాటాయి. మోకాళ్లు అరిగిపోయాయి, పూటపూటకీ ఇన్సులిన్ పొడుచుకోవాలి. తెలుగు తప్ప మరో భాష రాదు. నాన్న పోయాక గుంటూరుకు కూడా ఒంటరిగా వెళ్లింది లేదు. అలాంటి మనిషి నా పురుడు పోయడానికి శంషాబాద్‌లో ఎక్కి, గల్ఫ్‌లో విమానం మారి, డాలస్‌లో దిగాలి. రెండో విమానమే పదహారు గంటల ప్రయాణం.

ఇక్కడ కూర్చుని చేయగలిగినవన్నీ చేశాను. టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ అడిగాను. షుగర్ ఉన్నవాళ్లకు ఇచ్చే భోజనం ముందే చెప్పి పెట్టించాను. పాస్‌పోర్టులో పేరూ టికెట్ మీద పేరూ అక్షరం అక్షరం పోల్చి చూశాను. వదిన సామాన్లు సర్దింది, అన్నయ్య కారులో శంషాబాద్ దాకా తీసుకెళ్లాడు, మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాడు. వాళ్లు మావాళ్లు, వాళ్లకు విడిగా చెప్పుకుంటాను. కానీ టికెట్ లేని మనిషిని విమానాశ్రయం లోపలికి రానివ్వరు కదా. గుమ్మంలో సీఐఎస్ఎఫ్ వాళ్లు కాగితాలు చూసి అమ్మను పంపారు, అన్నయ్య బయటే ఆగిపోయాడు. అక్కడి నుంచి మా అమ్మ మంచిచెడ్డలు చూసింది మాకు ఏమీ కాని ఒక మనిషి.

ఆయనది జగిత్యాల వైపు. గల్ఫ్‌లో బిల్డింగు పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నారు. సెలవుకు ఇంటికొచ్చి తిరిగి డ్యూటీకి వెళ్తున్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చెకిన్ లైనులో అమ్మ వెనకాల ఉన్నారు. వీల్‌చైర్ కౌంటర్ దాటాకే ఇస్తామన్నారట, అందాకా అమ్మ ట్రాలీని ఆనుకుని నిలబడింది. అది చూసి ఆయన పలకరించారు.

"ఏడికి వోతున్నవ్ పెద్దమ్మా?"

"డాలస్ నాయనా, మా అమ్మాయి పురుటికి."

"ఒక్కదానివేనా? రంది వెట్టుకోకు, సగం దూరం నేనుంట."

తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న షుగర్ ఉందా అని. రెండోది, గోలీలా సూదులా అని. సూదులని అమ్మ చెప్పగానే, అవి ఏ పెట్టెలో ఉన్నాయని అడిగారు. చల్లగా ఉంటాయి కదా అని వదిన వాటిని చల్లటి సంచితో సహా పెద్ద పెట్టెలో, చీరల మధ్య పెట్టింది. విమానం కింద సామాన్లు పెట్టే చోట చలి ఎంత ఉంటుందో చెప్పలేం. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందా, మళ్లీ కరిగినా ఆ మందు పనికిరాదు. పైగా పెట్టె ఒకచోటికీ మనిషి ఒకచోటికీ చేరితే మందే లేకుండా పోతుంది. ఆయన ఉండే రూములో ఒకాయనకు సూదులున్నాయట, అలా తెలుసు. లైను పక్కకు జరిగి, పెట్టె తాళం అమ్మ చేతే తీయించి, ఆ సంచిని చేతి బ్యాగులో పై అరలో పెట్టించారు. డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని దానికే చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. సెక్యూరిటీ దగ్గర వెతుక్కోనక్కర్లేకుండా, అడగకముందే చూపించమన్నారు.

ఈ ముక్క రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి. ఆ పెట్టె అలాగే వెళ్లిపోయి ఉంటే, ఆ పదహారు గంటలు అమ్మ దగ్గర మందు చుక్క కూడా ఉండేది కాదు.

పెట్టె ఎలాగూ తెరిచారు కాబట్టి మిగతావీ చూశారు. అన్నయ్య పవర్‌బ్యాంకు అందులో వేశాడు. అది కింద సామాన్లలో వెళ్లకూడదు, వేడెక్కి నిప్పంటుకుంటే చూసే మనిషి ఉండడు, దగ్గరే ఉంచుకోవాలి. బాలింతకు కారప్పొడి కోసమని వదిన ఎండుకొబ్బరి చిప్పలు పెట్టింది. "కుడుకలు పంపియ్యరు పెద్దమ్మా, అండ్ల నూనె ఉంటది, మండుతది" అని అవి తీయించి, అక్కడ ఊడుస్తున్న ఆవిడకు అమ్మ చేత ఇప్పించారు. అమ్మ చేతి సంచిలో ఉన్న ఆవకాయ సీసా మాత్రం పెద్ద పెట్టెలోకి వెళ్లింది. నూనె ఊటతో ఉండే పచ్చళ్లను చేతి సంచిలో పోనివ్వరు. ఒక పెట్టె ఇరవైమూడు కిలోలు దాటితే బరువు రెండోదానిలోకి సర్దారు. రెండు పెట్టెలకూ పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టారు, డాలస్‌లో బెల్టు మీద తిరిగే నల్లపెట్టెల్లో అమ్మకు గుర్తు తెలియాలని. ఆ పీలిక తన తువ్వాలు అంచు చింపి కట్టారట.

అన్నిటికన్నా పెద్ద సాయం ఇంకోటి ఉంది. అమ్మ టికెట్ కాగితం వెనక తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. ఇప్పుడది నా ముందే ఉంది. విమానం ఆగగానే లేవకు, అందరూ దిగేదాకా కూర్చో. తలుపు దగ్గర కుర్చీ అడుగు, కుర్చీ రాకుండా అక్కడి నుంచి కదలకు. రెండో విమానం నంబరు ఇది, తెరల మీద ఇది చూపించమను, గేటు మారుతూ ఉంటుంది. రెండు గంటలకొకసారి లేచి నాలుగడుగులు వెయ్యి, నీళ్లు తాగు. పాస్‌పోర్టు ఎవరి చేతికిచ్చినా తిరిగొచ్చేదాకా చూపు తిప్పకు. అన్నిటికంటే కింద నా ఫోన్ నంబరు, నా ఇంటి అడ్రసు. నేనూ అమ్మకు వాట్సాప్‌లో ఇలాంటిదే పంపాను. కానీ అమ్మకు కావలసింది కళ్లజోడు లేకుండా చదువుకోగల కాగితం. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ దారిలో ఎక్కడ కాళ్లు ఆడవో తెలిసిన మనిషికే అది తట్టింది. ఆయన మొదటిసారి వెళ్లినప్పుడు ఇవేవీ చెప్పినవాళ్లు లేరట.

గల్ఫ్‌లో దిగాక జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగడం లేదు.

నేను టికెట్‌తోపాటే అడిగి, ఖరారైనట్టు మెయిల్ కూడా తెచ్చుకున్న వీల్‌చైర్ అక్కడ లేదు. జాబితాలో అమ్మ పేరే లేదన్నారు. అమ్మ టికెట్ కాగితాన్ని ఆయన చూపిస్తే, ఇందులో ఆర్ అని ఉంది, అంటే నడవగలదు, నడిపించుకెళ్లు అన్నారట. వీల్‌చైర్ అడిగినప్పుడు టికెట్ మీద ఒక కోడ్ వేస్తారు. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లెక్కగలరు గానీ ఎక్కువ దూరం నడవలేరని. చివరి అక్షరం ఎస్ అయితే మెట్లు కూడా ఎక్కలేరని, సి అయితే సీటు దాకా కూడా నడవలేరని. ఎక్కువ దూరం నడవలేరని రాసి ఉన్న కాగితాన్నే చేత్తో పట్టుకుని నడవమంటే ఎవరితో చెప్పుకోవాలి? 2024 ఫిబ్రవరిలో ముంబై విమానాశ్రయంలో వీల్‌చైర్ చాలక, ఎనభై ఏళ్ల ప్రయాణికుడు నడుస్తూ కుప్పకూలి చనిపోయారు. మన దేశంలో విమానయానాన్ని అదుపు చేసే డీజీసీఏ ఆ విమాన సంస్థకు 30 లక్షల జరిమానా వేసింది. జరిమానా కడితే అయిపోయినట్టేనా? ముందుగా అడిగిన కుర్చీ దిగే చోటికి వచ్చిందో లేదో చూసే నాథుడు ఉండాలి కదా. ముసలివాళ్ల టికెట్లతో విమానాలు నిండుతున్నాయి. మన తెలుగువాళ్లలో పురుళ్లకనీ పుణ్యాలకనీ ఒంటరిగా సముద్రాలు దాటే అమ్మలు ఎంతమంది లేరు! వాళ్లు నోరు విప్పి అడగలేరు కాబట్టి ఇలా జరుగుతోంది.

అన్న అక్కడ కదల్లేదు. బయటికెళ్లేవాళ్లది ఒక దారి, విమానం మారేవాళ్లది ఇంకో దారి. ఆయన వెళ్లాల్సింది బయటికి. అయినా అమ్మను అక్కడున్న బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే నిలబడి, హిందీలో, వచ్చిన కాస్త అరబ్బీలో వచ్చిన ప్రతి ఉద్యోగినీ అడిగారు. ఒకతను ఆయన బట్టలు చూసి, నీకు సంబంధం ఏంటి, వెళ్లి నీ లైన్లో నిలబడు అని కసిరాడట. అమ్మకు భాష అర్థం కాలేదు గానీ గొంతు అర్థమైంది. "నా మూలంగా ఆ పిల్లాడు మాటపడ్డాడే" అని వచ్చిన దగ్గర్నుంచి అదే మాట. మాట పడి కూడా ఆయన మళ్లీ అడిగారు. చివరికి కుర్చీ వచ్చింది. తోసుకెళ్లే అబ్బాయికి గేటు నంబరు రెండుసార్లు చెప్పి, అమ్మ చేతిలో నీళ్ల సీసా పెట్టి, అప్పుడు వెళ్లారు.

వెళ్లే ముందు నాకు కబురు పెట్టారు. అక్కడ వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి తన ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ పంపారు. "అక్కా, నేను పెద్దమ్మతోని అచ్చిన. కుర్చీ ఎక్కిచ్చిన. ఇగ గేటు కాడికి వోతది. నువ్వు నిమ్మలంగుండు, కడుపుతోని ఉన్నవట." వెనకే అమ్మ గొంతు, బాగానే ఉన్నానే అని. ఇక్కడ అర్ధరాత్రి. మంచం మీద కూర్చుని గట్టిగా ఏడ్చేశాను.

ఈ ఆలస్యంలో ఆయన కంపెనీ బండి వెళ్లిపోయింది. ఆ సంగతి ఆయన అమ్మకు చెప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే నాకు చెప్పారు. సొంత డబ్బుతో టాక్సీలో క్యాంపుకు చేరారు. కనీసం ఆ డబ్బయినా పంపిస్తానంటే ఒప్పుకోలేదు. మర్నాడు డ్యూటీ దిగాక ఆయనే మెసేజ్ పెట్టారు. "అక్కా, పెద్దమ్మ మంచిగ చేరిందా? సూది మందు సల్లగనే ఉండెనా?"

చల్లగానే ఉంది అన్నా. ఎండలో పొద్దంతా ఇనుము మోసి వచ్చి, స్నానమైనా చేశారో లేదో, మా అమ్మ మందు చల్లగా ఉందా అని అడిగారు. నా బిడ్డకు మేనమామ ఉన్నాడు, ఇప్పుడు ఇద్దరయ్యారు. మీరు మళ్లీ సెలవుకు వచ్చినప్పుడు నరసరావుపేట రావాలి, రాకపోతే అన్నయ్యే జగిత్యాల వస్తాడు. మీ రుణం తీరేది కాదని తెలుసు, అయినా చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

అమ్మానాన్నలను పంపేవాళ్లకు ఒక్క మాట. వీల్‌చైర్ ఖరారైందన్న మెయిల్‌తో ఊరుకోకండి. ప్రయాణానికి 48 గంటల ముందు ఫోన్ చేసి, రెండు విమానాలకూ ఉందో లేదో విడివిడిగా అడగండి. మోకాళ్లు బాగా లేనివాళ్లకు ఏ అక్షరం వేశారో కూడా అడగండి. తేడా వస్తే ఎయిర్‌సేవాలో, అంటే విమానయాన శాఖ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి, నేనూ పెడుతున్నాను.

మరిచేపోయాను. రెండో విమానంలో అమ్మ పక్క సీటులో వరంగల్ అమ్మాయి ఉందట, ఎంఎస్ చదవడానికి వస్తోంది. అమ్మ సంచిలోంచి పచ్చి కరివేపాకు కట్ట తీయించి, దిగేముందే పారేయించింది. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద ఉంటుందని అమెరికాలోకి రానివ్వరు. ఆవకాయ, పొడులు మాత్రం ఉన్నాయని ఉన్నట్టు చెప్పమంది. ఇమిగ్రేషన్ దగ్గర ఆఫీసరు అడిగినవి తెలుగులో అమ్మకు చెప్పింది కూడా తనే. తల్లీ, నీ పేరు కూడా అమ్మ అడగలేదు, నీ చదువు బాగా సాగాలి. డాలస్‌లో ఎర్ర గుడ్డపీలిక చూసి పెట్టెలు దింపిన వీల్‌చైర్ అబ్బాయికీ థాంక్స్. డాక్టరు గారి చీటీని ఇంగ్లీషులో టైపు చేయించిన మా ఊరి మందుల షాపు బాబాయికి, వీసా ఫారం నింపి పెట్టిన అన్నయ్య స్నేహితుడికి కూడా. కింది వాటా శ్రీకాకుళం ఆంటీ రెండు రోజులుగా వంట చేసి పంపుతున్నారు, ఆవిడను ఎలా మర్చిపోయానో. ఇంకెవరినైనా వదిలేసి ఉంటే రేపు చేరుస్తాను.